ఎత్తి దులిపేదే తివాచీ

బెంగళూరు నగర జిల్లాకు దక్షిణపు కొసన, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న ఆనేకల్ తాలూకాలో కాళ్ళ కింద ఏం పరిచి ఉందన్నది ఒక్కటే చూసినా అక్కడి బతుకు ఎలా మారిందో చాలావరకు తెలిసిపోతుంది. జిగణిలో గ్రానైట్ దిమ్మెలను కోసి, పలకలకు మెరుగు పట్టే కర్మాగారాలు బారులు తీరి ఉన్నాయి. 1978లో కియోనిక్స్ సంస్థ 332 ఎకరాల్లో మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ సిటీ తాలూకా అంచునే ఉంది. అక్కడి ఆఫీసుల్లో చాలాచోట్ల గచ్చు కనపడదు, అరమీటరు చదరంగా కోసిన బూడిదరంగు కార్పెట్ పలకలే కనపడతాయి. అత్తిబెలె, చందాపుర వైపు కల్యాణమంటపాల్లో గుమ్మం నుంచి వేదిక దాకా ఎర్రటి పలచటి కార్పెట్ పరుస్తారు, పెళ్ళయిపోగానే దాన్ని చుట్టచుట్టి వ్యానెక్కిస్తారు. సర్జాపుర వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో విట్రిఫైడ్ టైల్స్ మీద, సోఫాకూ టీవీకీ మధ్య ఒక రగ్గు. ఆనేకల్ ఊళ్ళో పట్టుమగ్గాలు ఆడే ఇళ్ళలో చాపో, జంపఖానానో. ఇన్ని రకాలున్నా గది మొత్తానికీ జిగురు పెట్టి అతికించే వాల్-టు-వాల్ కార్పెట్ మాత్రం, పెద్ద హోటళ్ళనూ సినిమాహాళ్ళనూ పక్కన పెడితే, వెతికినా దొరకడం కష్టం.

దీన్ని మన లేమి అనో, అలవాటు కాకపోవడం అనో అనుకునేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో అలా అతికించకపోవడమే సరైన తీర్పు. ఎత్తడానికి, దులపడానికి, ఎండలో వేయడానికి వీలున్న తివాచీయే ఈ వాతావరణంలో, ఈ వంటిళ్ళ మధ్య నిలుస్తుంది. డెబ్భై ఏళ్ళపాటు దీనికి ఎదురు దారిలో నడిచిన కార్పెట్ పరిశ్రమ కూడా ఇప్పుడు మెల్లగా ఇటే తిరిగింది. ఈ సంగతి పట్టుకుంటే నైలానా, పాలియెస్టరా, ఉన్నా, నూలా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు దానంతటదే తేలుతుంది. షాపులో అమ్మేవాళ్ళు మొదట అడిగేది “మెత్తగా ఉందా లేదా, చేత్తో చూడండి” అని. అడగాల్సింది “ఇది ఎలా ఉతుకుతారు?” అని.

ఈ ప్రాంతానికి తివాచీ కొత్త కాదు. సర్జాపురలో నూలు బట్టలతోపాటు తివాచీలు కూడా నేసేవారని బ్రిటిష్ కాలపు గెజెటీర్లు రాశాయి. బెంగళూరు తివాచీలకు అప్పట్లో రెండు విషయాల్లో పేరుండేది: ఒకటి మన్నిక, రెండోది అటూ ఇటూ ఒకే డిజైను రావడం. ఒకవైపు మాసితే తిరగేసి పరుచుకోవచ్చు. సెంట్రల్ జైలులో ఖైదీలు పర్షియన్, టర్కీ నమూనాల్లో కుచ్చు తివాచీలు నేసేవారు. తెలుగు నేల మీద ఏలూరు ఉన్ని తివాచీలకు, మచిలీపట్నం తివాచీలకు, వరంగల్ తివాచీలకు సముద్రాల అవతల గిరాకీ ఉండేది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయి. మచిలీపట్నం తివాచీ ఎలా చెడిందో జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ కళల మీద రాసిన పుస్తకంలో వివరించాడు. ఇంగ్లీషు వర్తకులు ధర తగ్గించడం కోసం నాసిరకం దారం తామే సరఫరా చేశారు. డిజైను అదే, పనివాడూ అతడే, కానీ దారం మారింది. పేరు పోవడానికి అది చాలింది. ఆ తర్వాత రసాయన రంగులు తోడయ్యాయి. తివాచీల్లో ఫ్యాషన్ గురించి మాట్లాడేవాళ్ళు రంగుల దగ్గరా పువ్వుల దగ్గరా ఆగిపోతారు కానీ, ఈ వ్యాపారంలో కథ మలుపు తిరిగినప్పుడల్లా ముందు మారింది దారమే.

గత శతాబ్దపు పెద్ద మలుపూ అంతే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ అనే చిన్న ఊళ్ళో 1890లలో కేథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి దుప్పటి మీద సూదితో దారపు కుచ్చులు గుచ్చే పాత పనిని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పని ఇంటింటి కుటీర పరిశ్రమై, తర్వాత యంత్రాలకెక్కింది. వరసగా వందల సూదులున్న యంత్రం ఒక గుడ్డ మీద కుచ్చులు గుచ్చుకుంటూ పోతుంది, వెనక రబ్బరు పాలలాంటి లేటెక్స్ పూసి ఆ కుచ్చులు ఊడకుండా పట్టిస్తారు. పడుగు పేకలు పెట్టి నేసే పని లేదు. వేగం ఎన్నో రెట్లు పెరిగింది, ధర పడిపోయింది. ఆ యంత్రానికి తగ్గ దారం 1950ల చివర దొరికింది. డ్యూపాంట్‌లో 1935లో వాలెస్ కరోథర్స్ కనిపెట్టిన నైలాన్‌ను ఉబ్బుగా, తెగని పోగుగా తీయడం అప్పుడు సాధ్యమైంది. నేలంతా కప్పే కార్పెట్ మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చింది అలాగే. అక్కడ దానికి కారణాలూ ఉన్నాయి. కింద చెక్క పలకల నేల, బయట మంచు, ఇంట్లో కూడా బూట్లు, శుభ్రం చేయడానికి వాక్యూమ్ క్లీనర్. మన దగ్గర కింద రాయి, బయట దుమ్ము, ఇంట్లో ఉత్త కాళ్ళు, శుభ్రం చేయడానికి చీపురూ తడిగుడ్డా. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే ఇంటికి అతికించిన కార్పెట్ ఎన్నటికీ పొసగదు. నీళ్ళు కిందికి దిగితే ఆరవు. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబరు దాకా పడే వానల్లో దాని వెనక బూజు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఇక దారాల సంగతి. ఇప్పుడు బజారులో రాజ్యమేలుతున్నవి మూడు: నైలాన్, పాలీప్రొపిలీన్, పాలియెస్టర్. మూడూ పెట్రోలియం నుంచి వచ్చినవే, మూడూ చూపుకి ఒకలాగే ఉంటాయి, గుణాలు మాత్రం వేరు. నైలాన్‌కి నడుము గట్టి. తొక్కితే వంగుతుంది, పాదం తీస్తే లేస్తుంది. చక్రాల కుర్చీలు రోజంతా తిరిగే ఆఫీసులో దానికి సాటి వచ్చే కృత్రిమ దారం లేదు. కానీ నైలాన్ అణువులో రంగును పట్టుకునే చోట్లు ఉన్నాయి. రంగులద్దడానికి వాటినే వాడుకుంటారు. పసుపు పట్టుకునేదీ అక్కడే. సాంబారు ఒలికితే నైలాన్ తేలిగ్గా వదలదు. పాలీప్రొపిలీన్‌లో ఆ చోట్లు లేవు. అందుకే దానికి రంగద్దడం వీలు కాక, కరిగిన ప్లాస్టిక్‌లోనే రంగు కలిపి పోగు తీస్తారు. నీళ్ళు పీల్చదు, పసుపు అంటుకోదు, ధర తక్కువ. లోపాలూ ఉన్నాయి. నూనె పట్టుకుంటుంది, తొక్కగా తొక్కగా అణిగిపోయి లేవదు, 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి బరువైన బీరువా ఈడ్చినా రాపిడికి మచ్చ పడుతుంది. పాలియెస్టర్ వీటి మధ్యది. మెరుపు ఉంది, మరకలను ఓర్చుకుంటుంది, కానీ నైలాన్ లాగా లేవలేదు. మొక్కజొన్న నుంచి కొంత ముడిసరుకు తీసుకుని చేసే ట్రైఎక్స్టా అనే పాలియెస్టర్ రకానికి అమెరికా వాణిజ్య కమిషన్ 2009లో వేరే పేరుగా గుర్తింపు ఇచ్చింది. లేవడంలో అది మామూలు పాలియెస్టర్ కన్నా మెరుగు. వీటిని ఇంట్లోనే పోల్చుకునే చిట్కా ఒకటుంది. ఒక పోగు తెంపి సబ్బు చుక్క వేసిన నీళ్ళలో ముంచితే పాలీప్రొపిలీన్ తేలుతుంది, నైలానూ పాలియెస్టరూ మునుగుతాయి. ధర నైలాన్‌ది, దారం తేలేది అయితే షాపువాణ్ణి నిలదీయవచ్చు.

రంగూ ఆకారమూ ఈ గుణాల వెంటే నడుస్తాయి. ఆఫీసులో పొట్టిగా, ఒత్తుగా ఉండే లూపు కార్పెట్ వచ్చింది డిజైనర్ల మోజు వల్ల కాదు, కోసిన కుచ్చు మీద అడుగుల జాడలు పడతాయి, లూపు మీద పడవు. కొంతకాలం కింద ప్రతి సోఫా ముందూ కనబడిన పొడుగు కుచ్చు షాగీ రగ్గులు పాలియెస్టర్ చవకయ్యాక పుట్టినవి. షోరూములో అందంగా ఉంటాయి, ఇంటికొచ్చాక అడుగున ఇసుక, పల్లీ తొక్కలు, పిల్లల బొమ్మల ముక్కలు చేరతాయి, దులిపినా రాలవు. ఇంత పనికిమాలిన వస్తువు ఇంతగా అమ్ముడుపోవడం ఆశ్చర్యమే. ఇప్పుడు వెలిసిపోయినట్టు కనబడే పాత పర్షియన్ నమూనాలు, మట్టి రంగులు, కుచ్చు లేని చదును నేత ముందుకొచ్చాయి. పలచటి పాలియెస్టర్ మీద అచ్చువేసి, వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చని అమ్మే రగ్గులు అమెరికాలోనే బాగా నడుస్తున్నాయి. అక్కడ గది మొత్తం పరిచే కార్పెట్ వాటా ఏళ్ళ తరబడి తగ్గుతూ, వినైల్ పలకలూ చెక్కనేలలూ పెరుగుతున్నాయి. వాటి మీద విడి రగ్గు పరుచుకుంటున్నారు. జంపఖానా పద్ధతికి వాళ్ళు వేరే దారిలో వచ్చి చేరారన్నమాట.

ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల కార్పెట్ పలకలు ఈ వాదనకు అడ్డం వస్తాయని ఎవరైనా అనవచ్చు. అవి నేలంతా కప్పేవే కదా? కప్పుతాయి, కానీ ఎత్తడానికి వీలుగా కప్పుతాయి. పలకల ఆలోచన 1950లలో నెదర్లాండ్స్‌లో హ్యూగా కంపెనీ దగ్గర ఎదిగింది. 1973లో రే ఆండర్సన్ అమెరికాలో ఇంటర్‌ఫేస్ కంపెనీ పెట్టి దాన్ని ఆఫీసులకు చేర్చాడు. కాఫీ ఒలికితే ఆ ఒక్క పలక పీకి, ఉతికో మార్చో మళ్ళీ పెట్టవచ్చు. నేల కింద కేబుళ్ళు పోతే ఆ పలకలే లేపి పని చూసుకోవచ్చు. నడవాలో అరిగినవి మార్చి, బల్లల కింద కొత్తగా ఉన్నవాటిని అలాగే ఉంచవచ్చు. ఇలాంటి పలకలను తెలంగాణలోనే, రంగారెడ్డి జిల్లా చందన్‌వెల్లిలో వెల్‌స్పన్ కర్మాగారం తయారు చేస్తోంది. ఆఫీసుకి ఇవి నచ్చడానికి మరో కారణం చప్పుడు. గ్రానైట్ గచ్చున్న హాల్లో వంద మంది ఫోన్లలో మాట్లాడితే శబ్దం గోడలకూ నేలకూ కొట్టుకుని తిరుగుతుంది, కార్పెట్ దాన్ని మింగుతుంది. ఇళ్ళలో ఆ అవసరం అంతగా లేదు. ఒకటి రెండు గదుల్లో ఉండే పరుపులు, పరదాలు, సోఫాలు ఆ పని కొంత చేసిపెడతాయి.

చలి సంగతి చెప్పకుండా ఉండలేం. విజయవాడలో చల్లటి గచ్చు వరం, కానీ ఆనేకల్ ప్రాంతం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పాదం గ్రానైట్ మీద పెడితే జిల్లుమంటుంది. రాయి వేడిని వేగంగా లాగేసుకుంటుంది కాబట్టి గాలి కన్నా నేలే చల్లగా అనిపిస్తుంది. ముసలివాళ్ళున్న ఇంట్లో ఇది చిన్న ఇబ్బంది కాదు. అయితే దీనికి గది మొత్తం కప్పాల్సిన పని లేదు. మంచం దిగే చోట, పూజ చేసుకునే చోట, పిల్లలు ఆడుకునే చోట ఒక మందపాటి ముక్క చాలు. వేసవి రాగానే దాన్ని చుట్టి అటక మీద పెట్టుకోవచ్చు. అతికించిన కార్పెట్ ఏప్రిల్‌లో కూడా అక్కడే ఉంటుంది.

దుమ్ము, ఉబ్బసం అనే భయం మరొకటి. బెంగళూరులో శ్వాస ఇబ్బందులు ఎక్కువని ఇంటింటా అంటారు కాబట్టి, తివాచీయే వద్దని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది. ఇందులో సగం నిజం ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే దుమ్ముపురుగులు పెరుగుతాయి, కుచ్చు లోతుగా ఉంటే అవి దాక్కోవడానికి చోటుంటుంది. అయితే వాటికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు పరుపూ దిండూ, వాటిని ఎవరూ వద్దనరు. రెండువైపులా చదునుగా ఉండి, వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసే నూలు జంపఖానాను, ఏళ్ళ తరబడి కదలని లోతు కుచ్చు కార్పెట్‌నూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. ఎండ ఇంకో ఉపకారం కూడా చేస్తుంది: పసుపు మరకలోని రంగు సూర్యకాంతికి విరిగిపోతుంది. సబ్బుకి వదలని పసుపు నాలుగు ఎండలకు పలచబడుతుంది. డాబా మీదికి తీసుకెళ్ళగలిగిన తివాచీకే ఆ వైద్యం అందుతుంది.

ప్లాస్టిక్ వద్దు, ప్రకృతి దారమే ముద్దు అనే మాట ఈమధ్య బాగా వినబడుతోంది. మనసుకు నచ్చే మాటే, కానీ గుడ్డిగా ఒప్పుకోవడానికి లేదు. ఉన్ని నిజంగా గొప్ప దారం. దాని బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు, నిప్పు తగిలితే మండుతూ పోక తనంతట తాను ఆరిపోతుంది, తొక్కినా లేస్తుంది. కానీ చిమ్మటలు కొడతాయి, వానాకాలంలో ముక్క వాసన వస్తుంది, ఇంట్లో ఉతకడం కష్టం. కొబ్బరిపీచు గుమ్మం ముందు బంగారం, గదిలో అరికాలికి గుచ్చుకుంటుంది. జనపనార నీళ్ళు తగిలితే గోధుమరంగు మచ్చ కడుతుంది. అసలు మోసం బాంబూ సిల్క్, ఆర్ట్ సిల్క్ అనే పేర్ల దగ్గర జరుగుతోంది. అవి చాలావరకు విస్కోస్. కట్టెగుజ్జు నుంచి రసాయనాలతో తీసిన దారం. మెరుపు పట్టుదే, బలం మాత్రం తడిస్తే సగానికి పడిపోతుంది, నీళ్ళ మరక పసుపురంగుకి తిరుగుతుంది. ఆనేకల్ నేతగాళ్ళకు ఈ తేడా చెప్పాల్సిన పని లేదు. పోగు అంటిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసనతో పొడిబూడిద అవుతుంది, విస్కోస్ కాగితంలా కాలుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. సర్జాపుర రోడ్డు షోరూముల్లో వేలకు వేలు పోసి కొనేవాళ్ళు ఆ పరీక్ష అడిగితే బాగుండు. ఉన్ని అని రాసి ఉన్నా వెనక ఏముందో చూడాలి. చేత్తో ముడులు వేసిన తివాచీకి వెనకవైపూ డిజైను స్పష్టంగా కనబడుతుంది. వెనక గుడ్డ అతికించి ఉంటే అది సాధారణంగా తుపాకీలాంటి పరికరంతో కుచ్చులు గుచ్చి లేటెక్స్ పూసిన హ్యాండ్ టఫ్టెడ్ రకం. కొన్నేళ్ళకు ఆ లేటెక్స్ ఎండి పొడిపొడిగా రాలుతుంది.

వాడేసిన సీసాలతో చేసిన పాలియెస్టర్ రగ్గు కొంటే పర్యావరణానికి మేలు చేసినట్టే అన్న ప్రచారాన్ని కూడా కాస్త తరచి చూడాలి. సీసాను మళ్ళీ సీసాగా మార్చవచ్చు. రగ్గుగా మారి, లేటెక్సూ సుద్దపొడీ అంటించుకున్నాక దాన్ని విడదీసి మళ్ళీ దారం చేయడం ఖర్చుతో కూడిన పని, ఎక్కువభాగం చెత్తదిబ్బకే పోతుంది. ఆ మాటకొస్తే నైలాన్ 6 నయం. దాన్ని రసాయనికంగా విడగొట్టి మొదటి ముడిసరుకైన కాప్రోలాక్టంగా మార్చి, మళ్ళీ కొత్త నైలాన్ తీయవచ్చు. ఇటలీకి చెందిన అక్వాఫిల్ 2011 నుంచి పాత చేపల వలలు, కార్పెట్ల నుంచి ఇలాంటి దారం తీస్తోంది. మరక పట్టని పూత అని గొప్పగా చెప్పుకునే రసాయనాల కథ మరీ చేదు. ఫ్లోరిన్‌తో చేసే ఆ రసాయనాలు నీళ్ళలో విరగవు. త్రీఎం కంపెనీ స్కాచ్‌గార్డ్ పాత రసాయనాన్ని మానేస్తామని 2000లో ప్రకటించింది, డాల్టన్ చుట్టుపక్కల నదుల్లో అవి చేరినందుకు కార్పెట్ కంపెనీల మీద దావాలు నడిచాయి. పల్లీ నూనె మరక కోసం అలాంటి పూత అడగడం కన్నా మరక పడితే ఉతకగలిగే ముక్క కొనుక్కోవడం తెలివైన పని.

చివరికి ధర దగ్గరికి వస్తుంది వాదన. కల్యాణమంటపంలో పరిచే ఎర్ర కార్పెట్ నేసింది కాదు, యంత్రపు సూదులతో పొడిచి పొడిచి దారాలను చాపలా ఒత్తినది. చదరపు అడుగుకి దాని వెల చాలా తక్కువ. ఇంట్లో వాడే ప్లాస్టిక్ చాపలు, పాలీప్రొపిలీన్ రగ్గులు కూడా నూలు జంపఖానా కన్నా చవక. చవకైనదాన్ని కొనేవాణ్ణి తప్పు పట్టడానికి లేదు. వాన జల్లు పడే బాల్కనీకి, అద్దె ఇంటి గుమ్మానికి అదే సరైనది. అయితే గదిలో పరిచేదానికి ఏళ్ళ లెక్క కూడా చూడాలి. అణిగిపోయి మూడు నాలుగేళ్ళకు పారేసేదాన్నీ, అటూ ఇటూ తిప్పి, చిరిగితే కుట్టించి వాడేదాన్నీ ఒక్కరోజు ధరతో పోల్చడం తప్పు.

వరంగల్ కొత్తవాడలో నూలు జంపఖానాలు నేసే మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. ఆ నేతకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ అక్కడి మగ్గాలకు చాలాకాలంగా ఆధారం ప్రభుత్వ హాస్టళ్ళ ఆర్డర్లు. ఆర్డరు వస్తే పని, రాకపోతే ఖాళీ. సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లు, హైదరాబాద్ గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లు వాళ్ళ బజారు ఎందుకు కాలేదంటే నేతలో లోపం ఉందని కాదు. కొనేవాళ్ళకు కావలసినవి చిన్న చిన్న సంగతులు: మొదటి ఉతుకులో రంగు దిగకూడదు, నునుపు టైల్స్ మీద జారకుండా కింద వేసుకునే జాలీ దాంతోపాటే దొరకాలి, కొలతలు సోఫాకీ మంచానికీ సరిపోవాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న నూలు జంపఖానా పొడిగా ఉన్నప్పుడు రెండు మూడు కిలోలు తూగుతుంది. ఏడెనిమిది కిలోల వాషింగ్ మెషీన్‌లో అది హాయిగా పడుతుంది. అమెరికాలో కొత్త సౌకర్యంగా అమ్ముతున్న ఆ ఒక్క మాటను కొత్తవాడ జంపఖానా మీద ఎవరూ అచ్చువేయలేదు.